రెండు రేసుసైకిళ్ల డింకీ పందెము

వైశాఖమాసము చివరి దినములలో మిట్టమధ్యాహ్నవేళ భానుడు పగబట్టినవానివలె ఉప్పుటేటి తీరమునందలి రొయ్యలచెరువులను పెనములవలె కాల్చుచుండగా, చచ్చి తేలిన చేపలకొఱకు గ్రద్దలు ఆకాశమున ఒకదాని ఱెక్క నొకటి విఱుగగొట్టుకొనుచుండగా, వేడిగాలి తాటిమట్టలను పట్టి యీడ్చి కత్తులు నూఱునప్పటి చప్పుడు పుట్టించుచుండగా ఆ తాటితోపునడుమ మగవారు గుండ్రముగా గుమిగూడి ఊపిరి బిగబట్టి నిలిచియుండిరి. వారి నడుమ ఎఱ్ఱని డేగపుంజొకటి నల్లని కాకిపుంజు మీదికి ఎగిరి కాలికి గట్టిన కత్తితో దాని మెడనుండి రొమ్ముదాక ఒక్కవ్రేటున చీల్చెను. నెత్తురు చిమ్మి ముందువరుసవారి పంచెలమీద పడెను. వారెవరును తుడుచుకొనలేదు.

ఆ కత్తి కట్టినవాడు ఏడుకొండలు. కోడికాలికి కత్తి కట్టుటయందు వానికి సాటివాడు ఆ చుట్టుప్రక్కల లేడని ప్రతీతి. ఇనుపకమ్మివంటి దేహము, ఒకానొక పుంజు చిటికెనవ్రేలు కోసికొనిపోయిన కుడిచేయి, నోటికంటె ముందుగా ఆ చేతిని లేపు స్వభావము వాని కాభరణములు. ఏ వారమున ఏ రంగు పుంజు ఏ రంగు పుంజును చంపునో ఆ శాస్త్రమంతయు వానికి కంఠస్థము. అంతియే కాదు, కోళ్లయెడ నిజమైనది లోకమునందలి సమస్తవస్తువులయెడను నిజమేయని వాని నమ్మకము. గొడుగు కొన్నను పెండ్లిచూపులకు వెళ్లినను వాడు మొదట వారము నడిగి పిదప రంగును విచారించువాడు.

బరి వెలుపల ఎండలో వాని మేనకోడలు హైమావతి నిలిచి మామ రాకకై యెదురుచూచుచుండెను. తండ్రి పోయిననాటినుండి ఆమెయు ఆమె తల్లియు ఏడుకొండలు ఇంటనే బ్రదుకుచుండిరి. తెల్లవాఱకమునుపే రొయ్యలషెడ్డునకు పోయి మంచునీటిలో చేతులు ముంచి రొయ్యల తలలు త్రుంచి వీపులు చీరి నరములు లాగుట ఆమె వృత్తి. ఆ మంచు కొఱికి ఆ ముండ్లు గ్రుచ్చి ఆమె వ్రేళ్లు పదునేడేండ్లకే ముసలివ్రేళ్లయ్యెను. అట్లు గడించిన ధనములో ఇంటి ఖర్చు పోగా మిగిలిన కొంచెమును మామయొద్దనే దాచుచు వచ్చెను. ఆ కొంచెమునకు ఒక్కటే గమ్యము. అది రేసుసైకిలు.

రానున్న ఆదివారమున భీమవరపు దారిలో బాలికల సైకిలు పందెము జరుగనుండెను. అందు మొదటి నలుగురిలో నిలిచినవారిని నగరమునందలి క్రీడాశిక్షణాలయమువారు చేర్చుకొని తిండియు బసయు చదువును ఇత్తురు. పదునేడు దాటినవారికి అందు ప్రవేశము లేదు గనుక హైమావతి కిదియే కడపటి యవకాశము. బడిలో వ్యాయామము నేర్పిన పంతులమ్మ తన పాత రేసుసైకిలుపై ఆమెకు రెండేండ్లు శిక్షణ యిచ్చి, బదిలీపై పోవుచు దానిని వెంట గొనిపోయెను. ఇప్పు డామెకు కాళ్లలో బలము కలదు, గుండెలో పంతము కలదు, ఎక్కుటకు బండి లేదు.

ఏడుకొండలు కత్తినంటిన నెత్తురు గడ్డితో తుడిచి తోలుసంచిలో పెట్టి సంచి మొలలో దోపుకొని వెలుపలికి వచ్చెను.

"పదవే. గవర్రాజు కొట్టు తెరిచే ఉంటాడు."

పాతసైకిళ్లు కొని అమ్ము గవర్రాజు కొట్టు కాలువగట్టు మొదట నుండెను. వాని కొట్టున రేసుసైకిళ్లు రెండే యుండెను. ఒకటి పండుమిరపకాయవలె ఎఱ్ఱగా మెఱయుచు సన్నని క్రొత్తచక్రములతోను గట్టి బ్రేకులతోను చూపఱుల కనులు లాగుచుండెను. రెండవది తుప్పును బూడిదయు కలిసిన రంగుతో, చక్రములు వంకరపోయి, సీటు చినిగి గోడకు చేరగిలబడియుండెను. హైమావతి దాచిన ధనము రెంటిలో దేనికైనను ఒక్కదానికి మాత్రమే చాలును. ఆమె రెంటిని ఎక్కి దిగెను. ఎఱ్ఱనిది ఆమెకు ఒకింత పొడవు. బూడిదరంగుది ఆమె కొలతలు తీసి చేసినట్లు కుదిరెను. పిదప ఆమె మోకాళ్లపై కూర్చుండి ఎఱ్ఱనిదాని ముందుచక్రమును పట్టియుంచు ఫోర్కు మెడమీద మెల్లగా గోరు నడపెను. క్రొత్తరంగు క్రింద వెండ్రుకవంటి గీత గోటికి తగిలెను. చక్రము లెప్పుడైనను మార్చుకొనవచ్చును గాని ఒడలు పుచ్చిన సైకిలు నెక్కరాదని పంతులమ్మ పలుమాఱు చెప్పిన మాట ఆమె మనస్సున మెదలెను.

"ఎర్రదే," అనెను ఏడుకొండలు. "ఆదివారం డేగది. డేగ ముందు మైల నిలబడదు." బూడిదయు ఎఱుపును కలిసిన పుంజును బరిలో మైల యందురు.

"అది సైకిలు మావయ్యా, పుంజు కాదు."

"పరుగుంది, పొగరుంది, పందెంలోకి దిగుద్ది. పుంజవడానికి ఇంకేం కావాలే, కూతెయ్యాలా?"

"ఆయ్, తవరు సెప్పింది అక్షరాలా నిజవండి," అనెను గవర్రాజు. "ఎర్రది గుర్రవండి బాబూ. ఆ పక్కది ముసలమ్మ మంచవండి."

"గవర్రాజు బాబాయ్, దీని మెడ దగ్గర గీత తగులుతోంది. ఎక్కడో గుద్దేసిన బండికి రంగేసి నిలబెట్టావు."

"రొయ్యలు వలిచే గోరు గదండి, ఎక్కడెట్టినా నరమే దొరుకుద్ది!" అని గవర్రాజు పకపక నవ్వెను.

ఏడుకొండలును నవ్వెను. హైమావతి నవ్వక లేచి నిలిచి తనకు బూడిదరంగుదే కావలయునని చెప్పెను. మామ కాదనెను. ఆమె మఱల చెప్పెను. పరుల యెదుట తన శాస్త్రమును ఆడుపిల్ల త్రోసివేయుట సహింపజాలక ఏడుకొండలు నాలుగువ్రేళ్ల చేతితో ఆమె చెంప పగులగొట్టెను. ఆమె తూలి సైకిళ్ల వరుసపై పడెను. ఒక పెడలు మోకాలిని చీఱెను. పెదవి చిట్లి నెత్తురు గడ్డముదాక జాఱెను. ఆమె కన్నీరు పెట్టలేదు. లేచి ఆ నెత్తురు నాలుకతో తుడుచుకొని మామ కన్నులలోనికి చూచెను.

"కొట్టు. ఆ ఎర్రదెక్కి నా మెడ ఇరిగాక కొట్టడానికి నేనుండను. ఒక్క మాటడుగుతాను, సెప్పు. పుంజుని కొనేముందు నువ్వేం చేస్తావు? రంగు చూసి డబ్బిచ్చేస్తావా, డింకీ పెడతావా?"

మఱల లేచిన ఏడుకొండలు చేయి గాలిలోనే నిలిచిపోయెను. పుంజును కొనుటకు ముందు కాళ్లకు కత్తులు లేక రెండు పుంజులను వదలి దేనికి దమ్ము కలదో చూచు పరీక్షను డింకీ యందురు. డింకీ పెట్టక పుంజును కొన్నవాడు బరిలో నవ్వులపాలగును. వాడు తన జీవితమున ఒక్కసారియైనను అట్లు కొనలేదు. తన శాస్త్రమే తన గొంతు పట్టుకొనెనని వానికి తెలిసెను. అయినను అందులో వానికొక యానందము కూడ కలిగెను.

"పెట్టాల్సిందే," అనెను. "గవర్రాజూ, ఇక్కణ్ణించి కాలవ నీళ్లాపే లాకుదాకా. లాకుగోడ ముందు ముట్టుకున్నోడిదే గెలుపు. ఎర్రది నేనెక్కుతాను, నా డేగని ఇంకొకడి చేతికివ్వను. ముసలమ్మ మంచం మా పిల్లెక్కుద్ది. ఇది డింకీయే గానీ, ఓడిన పుంజు గెలిచినోడిది. ఒప్పుకుంటావా?"

ఓడిన పుంజును కోసయందురు. గెలిచినవాడు దానిని చంకబెట్టుకొని పోవుచుండగా ఓడినవాడు నోరు మెదపరాదు. అది బరి ధర్మము. గవర్రాజు ఇరువురను ఎగాదిగ చూచెను. ఇనుపకమ్మివంటి మగవాడు క్రొత్తచక్రములపై, చెంప వాచిన ఆడుపిల్ల వంకరచక్రములపై.

"ఒప్పుకున్నానండి. డేగ ఓడితే కోస మీదేనండి. డేగ గెలిస్తే బేరం లేకుండా ఎర్రదే పట్టుకెళ్లాలండి మరి."

తోపునుండి ఇండ్లకు మఱలుచున్న పందెగాండ్రకు ఈ వార్త చెవిని బడినంతనే వారందఱును కాలువగట్టునకు పరుగెత్తి వచ్చి ఇరుప్రక్కల నిలిచిరి. ఒకడు తువాలు విసరగానే రెండు సైకిళ్లును కదలెను.

ఏడుకొండలు అడుగడుగున పెడలును తొక్కుట గాక తన్నుచుండెను. క్రొత్తచక్రములు ఈలవేయుచు వానిని ముందునకు గొనిపోయెను. హైమావతి చక్రములు బ్రేకులకు రాచుకొని కీచుకీచుమని యేడ్చుచుండెను. కాని బూడిదరంగు ఒడలు ఆమె బలములో రవ్వంతయు తినివేయక దారికే యిచ్చుచుండుట ఆమెకు తొడలలో తెలిసెను. ఆమె వంకీ హ్యాండిలు క్రిందిభాగమును పట్టి వీపు వంచి తల దించి ఊపిరిని లెక్కలో పెట్టుకొని తొక్కెను. సగము దారిలో మామ రొప్పు ఆమె చెవికి వినబడెను. మఱికొంతసేపటికి ఆమె ముందుచక్రము వాని వెనుకచక్రమునకు సమానముగా వచ్చెను. పిదప భుజము భుజమునకు వచ్చెను.

ఓటమి పొడగట్టగానే ఏడుకొండలులోని బరి మేల్కొనెను. వాడు మోచేతితో ఆమె ప్రక్కటెముకలలో పొడిచెను. ఆమె గట్టు అంచువఱకు పోయి కంపలు కాలిని గీఱుచుండగా తిరిగి దారిలోనికి వచ్చెను. వాడు కాలెత్తి ఆమె వెనుకచక్రమును తన్నెను. సైకిలు పామువలె మెలికలు తిరిగెను గాని పడలేదు.

"తప్పుకోవే! తప్పుకో!" అని వా డఱచెను.

"ఇది డింకీ మావయ్యా! కత్తి లేదు!" అని ఆమె యఱచెను.

వాడు వినలేదు. లాకు కనబడుచుండగా దారి పల్లమునకు దిగెను. వాడు ఆ వేగమున తన ముందుచక్రమును ఆమె చక్రమునకు అడ్డుగా విసరెను. హైమావతి ఒక్కసారిగా పెడలునొక్కి జానెడు ముందునకు దాటెను. ఎఱ్ఱసైకిలు గుంటలో పడెను. ఎండుకఱ్ఱ విఱిగినట్టి చప్పుడయ్యెను. ఫోర్కు మెడదగ్గఱ తెగి ముందుచక్రము తన దారిని తాను పోగా, చక్రములేని సైకిలు ముక్కు భూమిలో గ్రుచ్చుకొనగా ఏడుకొండలు దానిమీదుగా ఎగిరి దారిప్రక్క రాతిపై ముఖముతో పడెను. వాని కంఠము క్రింది యెముక విఱిగిన చప్పుడు గట్టుమీది వారికి సయితము వినబడెను.

హైమావతి వెనుకకు చూచెను. మామ కదలుట లేదు. ముందు లాకుగోడ పిలుపుదూరమున నున్నది. బరిలో వెన్ను చూపిన పుంజు ఓడినట్లే. ఆమె పండ్లు బిగించి మఱల ముందునకు తిరిగి తొక్కి పోయి లాకుగోడను అఱచేతితో కొట్టి, సైకిలునక్కడనే పాఱవైచి, చెప్పులు లేని కాళ్లతో మండు దారిమీద మామయొద్దకు పరుగెత్తి వచ్చెను.

వాడు బ్రదికియుండెను. రెండు పండ్లు దారిమీద పడియుండెను. నుదురు చీలి ఎముక తెల్లగా కనబడుచుండెను. వాడు కండ్లు తెఱచి మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను."

వాడు నెత్తురు నుమిసి తల యూపెను.

అంతలో గవర్రాజు టైరు విప్పు ఇనుపగజముతో పరుగెత్తివచ్చి ముక్కలైన ఎఱ్ఱసైకిలును చూచి రొమ్ము బాదుకొనెను. "నా బండి ఇరగ్గొట్టేశారండి! గుర్రంలాంటి బండండి! దీని డబ్బూ కట్టండి, దాని డబ్బూ కట్టండి, లేపోతే రెండూ నా కొట్టుకే పోతాయండి!"

"ఓడిన పుంజు మాది," అనెను ఏడుకొండలు నేలమీదనుండి.

"సరదాకన్న మాటండి అది! సైకిళ్లకి కోసేంటండి, నవ్విపోతారు!"

ఆ మాట వినగానే ఏడుకొండలు వ్రేలాడు కుడిచేతిని ఎడమచేతితో పట్టుకొని మోకాళ్లపై లేచెను. గవర్రాజు భయపడి చేతి గజముతో కొట్టెను. అది విఱిగిన భుజముపైనే తగిలెను. ఏడుకొండలు బిగ్గఱగా మూల్గి మొలనుండి తోలుసంచిని లాగి మిగిలిన పండ్లతో చింపి ఎడమచేత కోడికత్తి పట్టెను. అది వ్రేలంత పొడవును అద్దమంత మెఱపును గల కత్తి. వాడు గవర్రాజు పొట్టకు గుఱిచూచి దూకెను. హైమావతి నడుమ దూఱి వాని మణికట్టు పట్టుకొనెను. కత్తి ఆగలేదు, ఆమె ముంజేతిని మణికట్టునుండి మోచేతివైపు జానెడు మేర తెఱచెను. నెత్తురు వేడిదారిమీద పడి ఆవిరి వాసన వేసెను.

ఏడుకొండలు తన చేతిలోని కత్తిని చూచెను, మేనకోడలి చేతిని చూచెను. కోళ్ల నెత్తురు ఆ కత్తిమీద వేలమాఱులు చూచినవాడు ఈ నెత్తురును చూచి వెనుకకు తగ్గెను. కత్తి వాని వ్రేళ్లనుండి జాఱెను.

"గెలిచిందాన్ని అడగడానికి కత్తెందుకు మావయ్యా?" అనెను హైమావతి. ఆమె గాయమును రెండవచేతితో నొక్కిపట్టి పోయి తెగిన ఫోర్కును కాలితో పందెగాండ్రవైపు త్రోసెను. "మీరంతా బరి చూసినోళ్లు. ఆ ఇరిగిన చోట చూడండి. సగం తుప్పు, సగం మెరుపు. తుప్పున్న సగం ఎప్పుడో ఇరిగింది. ఇవాళ ఇరిగింది మిగతాది."

పందెగాండ్రు వంగి చూచిరి. చూచినవాడు ప్రక్కవానికి చూపెను. జబ్బుపుంజునకు రంగుపూసి బరిలో దింపినవానిని వారెన్నడును క్షమించి యెఱుగరు.

"ఒరేయ్ గవర్రాజూ, పుచ్చిన పుంజుని దింపావురా!" అని ఒక ముసలివాడు వాని మెడపట్టెను. ఇంకొకడు చెంపపై కొట్టెను. గజము ఎవరో లాగుకొనిరి. వాని చొక్కా చినిగెను, ముక్కు పగిలెను, వాడు కాలువలోనికి నెట్టబడి మొలలోతు నీటిలో నిలిచి చేతులు జోడించెను.

"ఇంక చాలు," అని హైమావతి కేక వేసెను. "బాబాయ్, బూడిదరంగు దాని ధర మావయ్య దగ్గరుంది, తీసుకో. కోస నాది."

ఎవరో తువాలు చింపి ఆమె చేతికి బిగించి కట్టిరి. డాక్టరుకొఱకు ఒకడు పరుగెత్తెను. డాక్టరు వచ్చులోపల ఆమె నేలపై కూర్చుండి ఎఱ్ఱసైకిలు చక్రములను ఒంటిచేత త్రిప్పి చూచెను. అవి చెక్కుచెదరలేదు. ఆమె ఒక్కొక్క మరను విప్పి రెండు చక్రములను, రెండు బ్రేకులను తీసి ఒడిలో పెట్టుకొనెను. ఒక్క సైకిలునకు మాత్రమే చాలు ధనముతో ఆమె మంచి ఒడలును మంచి చక్రములును గల సైకిలును సంపాదించెను. దాని నిజమైన వెల యెంతయో ఆ దారిమీది మరకలకు మాత్రమే తెలియును.

ఆదివారము ప్రొద్దున భీమవరపు దారి కిరుప్రక్కల జనము నిలిచియుండెను. కుట్లు పడిన ముంజేతికి తెల్లనిగుడ్డ చుట్టుకొని హైమావతి వరుసలో నిలిచెను. పందెము మొదలైన కొంతసేపటికే బాలికలు గుంపుగా ఒరసికొని మోచేతులు తగిలించుకొని తిట్టుకొనుచు సాగిరి. ఒకతె హ్యాండిలు హైమావతి గాయమునకు తగిలి తెల్లనిగుడ్డ ఎఱ్ఱబాఱెను. ఆమె తిరిగి కొట్టుటకు చేయి లేపలేదు. ఆ చేతికి వేఱొక పని కలదు. అది హ్యాండిలును విడువకుండుట.

కడపటి మలుపువద్ద ఏడుకొండలు భుజమునకు కట్టుతో, ఉబ్బిన పెదవులతో నిలిచియుండెను. ముగ్గురు బాలికలు దాటిపోయిరి. నాలుగవది పొరుగూరి పిల్ల. ఐదవది హైమావతి. ఆమె తల వంచి, బూడిదరంగు సైకిలు సన్నని చక్రములపై చప్పుడులేక జాఱుచుండగా, ముందున్నదాని వెనుకచక్రమునుండి ప్రక్కకు, ప్రక్కనుండి భుజమునకు వచ్చుచుండెను.

ఏడుకొండలు నోరు తెఱచెను. ఇన్నేండ్లుగా బరియంచున నిలిచి "పొడువు! చంపు!" అని మాత్రమే కేకవేసిన నోరది. ఆ రెండు మాటలును నాలుక చివఱకు వచ్చి అక్కడనే నిలిచిపోయెను. ఎవరును చావనక్కఱలేని పందెమునందు తనవారికి వేయదగిన కేక యేదో వాడు వెదకెను, దొరకలేదు. అప్పుడు వాడు విఱిగిన యెముకను ఎడమచేత అదిమిపట్టి, నోరు తెఱచియే, మాటలేకయే, ఆమె ప్రక్కన పరుగెత్తసాగెను. హైమావతి ఆ పిల్లను దాటెను. తెల్లగీత దాటెను. వాడింకను పరుగెత్తుచునే యుండెను.